ఆరు స్థానంలో ఏడు

ఇస్సాకుకు జరిగిన అన్యాయం చూడటానికి ఒక్క అంకె. అతను రాసిచ్చిన కాగితంలో 6:45 అని ఉంది. తర్వాత అందరికీ పంపిన కాగితంలో 7:45 అని ఉంది. ఆ రెండో కాగితం కింద కూడా అతని సంతకమే కనిపిస్తుంది. అయితే అది అతను పెన్నుతో పెట్టింది కాదు. కంప్యూటర్‌లో దాచి ఉంచిన సంతకం బొమ్మను తెచ్చి అంటించింది. ఆరును ఏడు చేసిన వేలు నాది. బొమ్మ అంటించిన వేలూ నాదే.

ఆ అంకె ఒక ఈత పోటీ మొదలుపెట్టాల్సిన సమయం. పోటీ జరిగేది సముద్రంలో. దానికి సమయం పెట్టేవాడు మాత్రం ఆ సముద్రానికి ఐదు వందల కిలోమీటర్ల అవతల, బెంగళూరు శివార్లలోని చందాపురలో ఒక రేకుల ఇంట్లో ఉండేవాడు.

బెంగళూరుకు సముద్రం లేదు. ఉన్న చెరువుల్లో కొన్ని నురగ కక్కుతాయి, కొన్ని లేఅవుట్లయిపోయాయి. అపార్ట్‌మెంట్ల మధ్యలో నీలం రంగు టైల్సు పరిచిన తొట్లు మాత్రం ఉన్నాయి. వాటిలో ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ ఈది విసుగెత్తిన సాఫ్ట్‌వేర్ జనానికి సముద్రం కావాలనిపిస్తుంది. వాళ్ళను బస్సులెక్కించి తీరానికి తీసుకెళ్ళి, ఈదించి, మెడలో పతకం వేసి వెనక్కి తెచ్చే చిన్న కంపెనీలో నా ఉద్యోగం. అంతకుముందు నగర్తపేటలో ఒక ప్రెస్సులో పెళ్ళికార్డులు టైపు చేసేవాణ్ణి. ఇక్కడ చేసేదీ టైపే. పేరు మాత్రం ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్.

ఇస్సాకుది బాపట్ల దిగువన ఒక పల్లె. అక్కడ ఒక ఏటి పాయ సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటును వాళ్ళు మొగ అంటారు. రోజుకు రెండుసార్లు సముద్రం ఉబ్బి, మొగలోంచి ఏట్లోకి తోసుకొస్తుంది. అది పోటు. మళ్ళీ రెండుసార్లు ఏట్లో నీళ్ళన్నిటినీ సముద్రం వెనక్కి లాక్కుంటుంది. అది పాటు. మా హిందూపురం వైపు పోటంటే తలపోటే. ఈ రెండు మాటలకూ అర్థం నేను నేర్చుకున్నది ఇస్సాకు దగ్గర.

పన్నెండేళ్ళ కిందట తుఫానుకు పడవ ముక్కలైతే అతను బెంగళూరొచ్చాడు. జిగణిలో గ్రానైటు కోసే చోట చేరాడు. అక్కడ రంపం కింద రోజంతా నీళ్ళు కారుతూనే ఉంటాయి. "సున్నం కలిపినట్టు తెల్లగా ఉండేయి. నీళ్ళ పక్కనే ఉన్నా గానీ, అయ్యి నీళ్ళు కాదప్పా" అని ఒకసారి నాతో అన్నాడు. మూడేళ్ళకు దగ్గు పట్టుకుంది. చందాపుర దగ్గర ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఈతకొలను చూసుకోవడానికి ఈత వచ్చిన మనిషి కావాలంటే అక్కడికి మారాడు. పొద్దున నీళ్ళలో పడ్డ ఆకులు తీయడం, పగలు మందు కలపడం, సాయంత్రం పిల్లలకు ఈత నేర్పడం. పిల్లలతోపాటు పెద్దవాళ్ళూ వచ్చేవాళ్ళు. అక్షర అనే అమ్మాయికి తల నీళ్ళలో ముంచడానికే మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఇస్సాకు ఒక్కసారి కూడా ముంచమని అనలేదట. గట్టు మీద కూర్చుని తన ఊళ్ళో పీతలు ఎలా పడతారో చెబుతూ ఉండేవాడట. నాలుగో వారం ఆమే మునిగింది.

మా కంపెనీ యజమాని గిరిధర్ ఇల్లు కూడా ఆ అపార్ట్‌మెంట్‌లోనే. మొదటి పోటీని ఇస్సాకు వాళ్ళ ఊరి మొగ దగ్గరే పెట్టబోతున్న రోజుల్లో ఒక సాయంత్రం కొలను దగ్గర నిలబడి, ఫోన్లో పోటు సమయాలు చూపించే యాప్ తెరిచి, స్నేహితుడికి వివరిస్తున్నాడు. ఆకులు తీసే వల చేతిలో పట్టుకుని ఇస్సాకు విన్నాడు.

"అది ఓడరేవు టైము సార్. మొగ దగ్గరికి నీళ్ళు ఇంకో నలభై నిముషాలకు గానీ రావు" అన్నాడు.

గిరిధర్ తెలివైనవాడు. ఆ మాట విలువ వెంటనే పట్టుకున్నాడు. మనిషి విలువ పట్టుకున్నాడో లేదో వేరే సంగతి.

అప్పటి నుంచి నాలుగేళ్ళు, ఏడు పోటీలు. అన్నిటికీ సమయం పెట్టింది ఇస్సాకే. అతని పద్ధతి చూసి మా ఆఫీసులో నవ్వుకునేవాళ్ళు. అతని గోడ మీద తిథులూ నక్షత్రాలూ ఉండే పంచాంగం క్యాలెండరు వేలాడేది. పోటూ పాటూ నడిచేది చంద్రుణ్ణి బట్టి కాబట్టి, తారీకు కన్నా తిథే అతనికి ముఖ్యం. అమావాస్యకూ పున్నమికీ నీళ్ళు పరిగెత్తుతాయి. అష్టమికీ నవమికీ బద్ధకంగా ఉంటాయి. చర్చికి వెళ్ళే మనిషి ఇంట్లో తిథుల క్యాలెండరు చూసి, వాళ్ళ పాస్టరు ఒకసారి ఇదేమిటని అడిగాడట. "చందమామను చేసింది కూడా ఆయనే గదండీ" అన్నాడట ఇస్సాకు.

తిథి ఒక్కటే చాలదు. మొగ ఒడ్డున అతని అక్క దీవెనమ్మ ఉంటుంది. నీళ్ళలో ఒక సరుగుడు కర్ర పాతి, దానికి మూరకొక ఎర్రగుడ్డ కట్టి పెట్టింది. ఇస్సాకు ఇక్కడి నుంచి ఫోన్ చేసి, ఎన్నో గుడ్డ మునిగిందని అడిగి, ఆ నిమిషం క్యాలెండరులో ఆ రోజు గడిలో రాసుకుంటాడు. నీళ్ళ వేగం కావాలంటే దీవెనమ్మ కర్ర దగ్గర ఒక కొబ్బరి డొక్క వదులుతుంది. అది కొట్టుకుపోయి, కట్టేసి ఉన్న పడవను తాకేదాకా పరలోక ప్రార్థన చదువుతుంది. అష్టమి నాడు నాలుగుసార్లు చదవొచ్చు. పున్నమి నాడు సగానికి రాకముందే డొక్క పడవకు తగులుతుంది. నేను ఆ సగాలూ నాలుగులూ అన్నిటినీ పట్టికలో పెట్టి, ఇంగ్లీషులో పేర్లు రాసి, రంగులు వేసేవాణ్ణి. పట్టిక చూసి గిరిధర్ "వెరీ సైంటిఫిక్" అనేవాడు. ఆ సైన్సు ఒక ముసలామె ప్రార్థన అని అతనికి నేను చెప్పలేదు.

ప్రతిఫలంగా కంపెనీ వాళ్ళు ఇస్సాకుకు ఒక టీషర్టు ఇచ్చారు. వీపు మీద వాటర్ మాస్టర్ అని పెద్ద అక్షరాలు. దాన్ని మిగతా బట్టలతో కలిపి ఉతికేవాడు కాదు.

ఐదో ఏడు తేదీ నిర్ణయించడానికి ఆఫీసుకు పిలిచారు. గిరిధర్ గోడ మీద తెర వేసుకుని కూర్చున్నాడు. ఇస్సాకు క్యాలెండరులో మాఘమాసం కాగితాన్ని చింపుకొచ్చాడు.

"చెప్పు ఇస్సాకు. ఏ సండే?"

"ఈ ఆదివారం సార్. అష్టమి. నీళ్ళు లాగవు. ఒక అరగంట అటూ ఇటూ అయినా ఫరవాలేదు."

"అష్టమీనా? అష్టమి రోజు ఎవడైనా పని స్టార్ట్ చేస్తాడా?"

"స్టార్టు ఏముంది సార్, ఐదో ఏడు గదా."

అందరూ నవ్వారు. గిరిధర్ కూడా నవ్వాడు, కానీ మాట మార్చుకోలేదు. "నీకు తెలీదులే. మీకు ఇవన్నీ ఉండవు కదా. దాని నెక్స్ట్ సండే ఏంటి?"

"పున్నమి."

"మాఘ పౌర్ణమి. పర్‌ఫెక్ట్. సముద్ర స్నానం, పుణ్యం, మెడల్, మూడూ ఒకే రోజు. పోస్టర్ మీద అదే వేద్దాం."

ఇస్సాకు చేతిలో కాగితం వైపు చూసుకున్నాడు. ఇద్దరూ చూస్తున్నది ఒకే క్యాలెండరు. ఒకడు అందులో నీళ్ళు చూస్తున్నాడు, ఇంకొకడు అదృష్టం చూస్తున్నాడు. "చెయ్యొచ్చు సార్, కాదన్ను" అన్నాడు ఇస్సాకు. "అయితే టైము తప్పకూడదు. పొద్దున ఎనిమిదీ ముప్పై అయిదుకు పోటు నిండుద్ది. ఇరవై నిముషాలు నిలబడి తిరుగుద్ది. తిరిగిందంటే మొగలో మనిషి నిలవలేడు. ఎనిమిదిన్నరకు ఒక్కరు కూడా మొగ బయట ఉండకూడదు."

"సో, ఎన్నింటికి స్టార్ట్?"

సముద్రపు ఒడ్డున దిగి, మొగలోంచి లోపలికి ఈది, ఏటి ఒడ్డున రేవు దగ్గర తేలాలి. మూడు కిలోమీటర్లు. మెల్లగా ఈదేవాళ్ళకు గంటా ముప్పావు. ఇస్సాకు ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి తెలుగులో రాశాడు. "6:45కు దింపాలి. 8:30 దాటితే ఎవరినీ నీళ్ళలో ఉంచొద్దు. ఆలస్యమైతే పోటీ మానుకోవాలి." కింద సంతకం పెట్టి టైపు చెయ్యమని నాకిచ్చాడు. నేను టైపు చేసి, దాన్ని డ్రాయరులో పెట్టుకున్నాను.

పోటీ రోజు పొద్దున ఆరున్నరకు ఇసకలో నూటయాభై మంది నిలబడి ఉన్నారు. ఎర్ర టోపీలు, ఈత కళ్ళద్దాలు. గిరిధర్‌కు ఫోన్ వచ్చింది. వాళ్ళమ్మ. మాట్లాడి ఫోన్ పెట్టేసి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఏడూ ముప్పై ఎనిమిది దాకా వర్జ్యం అంట. అమ్మ ఇప్పుడే చూసిందట. ఏడూ నలభై ఐదుకు స్టార్ట్ చేద్దాం. టైమింగ్ చిప్స్ ప్రాబ్లమ్ అని అనౌన్స్ చెయ్."

చేశాను. నా గొంతే, మైకులో.

మాతోపాటు బస్సులో వచ్చిన ఇస్సాకు ఇసకలో పరిగెత్తుకుంటూ వచ్చాడు. "సార్, ఇప్పుడు దింపాల."

"ఒక్క గంటేగా ఇస్సాకు."

"గంటలో సముద్రం తిరుగుద్ది సార్. లేదంటే వద్దని చెప్పండి, స్నానాలు చేసి పోతారు."

"పార్టిసిపెంట్స్ ముందు ఇలా మాట్లాడకు. పానిక్ అవుతారు."

ఇస్సాకు పడవల వైపు నడిచాడు. మా ప్రణాళికలో పడవలన్నీ దారి పొడుగునా ఉన్నాయి. అతను తనవాళ్ళను బతిమాలి, ఇంకో రెండు పడవలను మొగకు బయట, సముద్రం వైపున నిలబెట్టించాడు. ఒక దాంట్లో తనే ఎక్కాడు. ఎందుకని అప్పుడు ఎవరూ అడగలేదు.

తొమ్మిది దాటేసరికి వేగంగా ఈదేవాళ్ళంతా రేవుకు చేరారు. పదకొండు మంది ఇంకా మొగ బయటే ఉన్నారు. ఏట్లోకి పారుతున్న నీళ్ళు మొదట ఆగాయి. తర్వాత గోధుమ రంగు నీళ్ళు బయటికి రావడం మొదలైంది. గట్టు మీది నుంచి చూస్తే, ఆ పదకొండు మంది చేతులు ముందుకు వేస్తున్నారు, తలలు మాత్రం వెనక్కి పోతున్నాయి. చేతులు వేస్తున్న మనిషి వెనక్కి పోవడం అంతకుముందు నేను చూడలేదు.

పదకొండు మందినీ పట్టుకున్నవి ఆ రెండు పడవలే. చివర దొరికింది అక్షర. ఇస్సాకే లాగాడు. చాలా ఉప్పునీళ్ళు మింగింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు.

సోమవారం ఆఫీసులో ఫోన్లు ఆగలేదు. ఎందుకు ఆలస్యం చేశారు, ఎవరు చేశారు అని అడుగుతున్నారు. గిరిధర్ తలుపు మూసి నన్ను కూర్చోబెట్టాడు. "ప్లాన్ ఓపెన్ చెయ్ శివా. స్టార్ట్ టైమ్ ప్లాన్ ప్రకారమే జరిగింది. ముందు చెప్పింది రిపోర్టింగ్ టైమే, మైకులో చిప్స్ అన్నది పొరపాటు అని చెబుదాం. అంతే. ఆ ఆరును ఏడు చెయ్. ఎనిమిదిన్నరను తొమ్మిదిన్నర చెయ్."

ప్రెస్సులో పనిచేసినప్పుడు ముహూర్తం అంకెను మూడుసార్లు సరిచూసేవాణ్ణి. అంకె తప్పు పడితే ఆ పెళ్ళికార్డులన్నీ చెత్తకుండీకి పోతాయి. పెళ్ళికి ఎవరూ రాకపోతే ఆ పిల్ల ముఖం ఎలా ఉంటుందని మా మేస్త్రీ అడిగేవాడు. ఇక్కడ రెండు అంకెలు మార్చడానికి నాకు అర నిమిషం పట్టలేదు. సంతకం బొమ్మ పాత చోటనే అంటించాను. అందరికీ వెళ్ళిన ఉత్తరంలో "స్థానిక సలహాదారు అంచనాలో పొరపాటు" అని ఒక వాక్యం ఉంది. సలహాదారు పేరు కాగితం కింద ఉండనే ఉంది.

వారం తర్వాత ఇస్సాకు ఆఫీసుకు వచ్చాడు. గిరిధర్ కాగితం చూపించాడు. ఇస్సాకు చాలాసేపు దాన్ని చూశాడు.

"సంతకం నాదే సార్. అంకె నాది కాదు."

"మరి సైన్ ఎలా వచ్చింది ఇస్సాకు?"

దానికి జవాబు ఆ గదిలో నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంది. నేను తెర వైపు చూస్తూ ఏదో టైపు చేస్తున్నట్టు నటించాను. వెళ్ళిపోతూ ఇస్సాకు నా బల్ల దగ్గర ఆగాడు. "భోంచేశావా అప్పా?" అన్నాడు. చేశానన్నాను. అప్పటికి పదకొండు కూడా కాలేదు.

రెండు రోజులకు ఫోన్ చేశాడు. తను రాసిచ్చిన క్యాలెండరు కాగితం నా దగ్గర ఏమన్నా ఉందా అని అడిగాడు. చూస్తానన్నాను. అది నా మోకాలికి తగిలే డ్రాయరులోనే ఉంది.

ఆ ఉత్తరం అపార్ట్‌మెంట్‌కూ చేరింది. సముద్రం టైము సరిగా చూడలేనివాడు పిల్లల్ని ఏం చూస్తాడని అసోసియేషన్ మీటింగులో ఎవరో అన్నారు. ఎవరూ కాదనలేదు. ఉద్యోగం తీయలేదు, అదొక దయ. కొలను నుంచి తప్పించి సంపు దగ్గర వేశారు. ట్యాంకర్లు వచ్చినప్పుడు గొట్టం తగిలించడం, సంపు నిండితే ఆపడం, మోటారు వేయడం. నీళ్ళు అతనికి మళ్ళీ జిగణిలో లాగే అయ్యాయి. పక్కనే ఉన్నాయి, అతనివి కావు. కొలను గేటు దగ్గరికి వెళ్తే, "లోపల పిల్లలున్నారు" అని కొత్తగా వచ్చిన వాడు అడ్డం నిలబడేవాడట. ఆ పిల్లల్లో సగం మందికి చేతులు ఆడించడం నేర్పింది ఇస్సాకే.

అక్షర ఆసుపత్రి నుంచి వచ్చాక ఒకసారి సంపు దగ్గరికి వెళ్ళింది. ఆమే తర్వాత నాతో చెప్పింది.

"ఏడూ నలభై ఐదు ఎందుకిచ్చావన్నా?" అని అడిగిందట.

"నేనిచ్చింది ఆరూ నలభై ఐదమ్మా."

"మరి పేపర్ మీద సైన్ ఉంది కదా అన్నా?"

ఇస్సాకు వంగి సంపు మూత సర్దుకున్నాడట. ఆమె లిఫ్ట్ వైపు వెళ్ళిపోయిందట. "అతను సారీ చెబుతాడేమో అనుకున్నాను. అది కూడా చెప్పలేదు" అని ఆమె నాతో అంటుంటే, నేను తల ఊపాను. ఆ తల ఊపడం గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. అబద్ధం టైపు చేయడం కన్నా అదే నీచమేమో.

ఇక ఈ ఏడు. కార్తీకంలో వచ్చిన తుఫాను ఆ తీరాన్ని బాగా కొట్టింది. గిరిధర్ ఈసారి పోటీని మాఘ పౌర్ణమి దాటిన విదియ నాటి ఆదివారం పెట్టాడు. విదియ మంచిదని వాళ్ళమ్మ చెప్పిందట. మూడు వందల మంది పేర్లిచ్చారు. యాప్ ప్రకారం పోటు నిండేది తొమ్మిదీ ఐదుకు. అది ఓడరేవు సమయం, మొగ సమయం కాదని గిరిధర్‌కు తెలుసు. నన్ను పిలిచాడు.

"చందాపుర వెళ్ళి క్యాజువల్‌గా మాట్లాడు. టైమ్ తెలుసుకో. మనం అడిగినట్టు ఉండకూడదు. ఈసారి ప్లాన్‌లో ఎవరి పేరూ వద్దు."

పోయిన ఆదివారం వెళ్ళాను. ఆ తర్వాత మేం ఇంకా కలుసుకోలేదు. సంచిలో ఆ క్యాలెండరు కాగితం పెట్టుకుని వెళ్ళాను. ఇవ్వాలనుకున్నానో లేదో నాకే తెలియదు. పదకొండు నెలలుగా దాన్ని చింపలేకపోయాను, బయటికి తీయలేకపోయాను.

గేటు లోపల ట్యాంకరు నిలబడి ఉంది. ఇస్సాకు సంపు మూత తీసి గొట్టం దించుతున్నాడు. ఒంటి మీద ఆ టీషర్టే, లోపలి వైపు బయటికి తిప్పి తొడుక్కున్నాడు. వీపు మీద అక్షరాలు కుట్ల మధ్య అద్దంలో లాగా తిరగబడి, లీలగా కనిపిస్తున్నాయి. పక్కన స్టూలు మీద గేటు కాపలాదారు మునిరాజు కూర్చుని ఉన్నాడు. అతనిది ఇక్కడే పాతకాలపు తెలుగు కుటుంబం.

"ఏమప్పా జోయిసా, మా సంపులో ఈ పొద్దు పోటు ఉండాదా, పాటు ఉండాదా?" అంటున్నాడు మునిరాజు, పంచాంగం చెప్పేవాణ్ణి అడిగినట్టు.

"రెండో ట్యాంకరు రాకపోతే పాటే మునిరాజూ" అన్నాడు ఇస్సాకు. అప్పుడు నన్ను చూశాడు. "ఏందయ్యా, ఇట్టా వచ్చావు?"

"ఊరికే."

"ఊరికే ఎవడొస్తాడప్పా చందాపుర దాకా, ఈ ట్రాఫిక్‌లో."

మునిరాజు నవ్వి, రిజిస్టరు తెస్తానని గేటు దగ్గరికి వెళ్ళాడు. నేను దారిలో అనుకుంటూ వచ్చిన మాటలు మొదలుపెట్టాను. ఈసారి విదియ పెట్టారు, యాప్‌లో తొమ్మిదీ ఐదు అని ఉంది, మొగ దగ్గర ఎంత ఉండొచ్చో, ఊరికే తెలుసుకుందామని.

"విదియా" అన్నాడు ఇస్సాకు. గొట్టం మీద చెయ్యి అలాగే ఉంది. "పున్నమి కంటే విదియ నీళ్ళే గట్టివి. గిరిధర్ సారు అడగమన్నాడా?"

నేను సంచిని ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాను.

"అడిగినట్టు తెలీకుండా అడగమనుంటాడు" అన్నాడు. "నీకు అబద్ధం ఆడటం రాదప్పా. టైపు చెయ్యడం మాత్రం బాగా వచ్చు."

అంటే అతనికి మొదటి నుంచీ తెలుసు. ఆఫీసులో నా బల్ల దగ్గర ఆగి భోంచేశావా అన్నప్పుడే తెలుసు. నేను సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాను. అతను చెయ్యి లుంగీకి తుడుచుకుని అందుకున్నాడు. వెనక్కి తిప్పి తను రాసింది చదువుకున్నాడు. మళ్ళీ ముందుకు తిప్పి, గడుల్లో ముందే లెక్కగట్టి రాసుకున్న నిమిషాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూశాడు.

"ఏడాది నుంచీ నీ దగ్గరే ఉందా?"

"ఉంది."

"ఊఁ" అన్నాడు. "అక్షరమ్మ పేరుందా ఈసారి?" అని అడిగాడు.

"ఉంది. మళ్ళీ ఇచ్చింది."

అతను గొట్టం వదిలి, ఫోన్ తీసి, స్పీకరులో పెట్టాడు. దీవెనమ్మ గొంతు గాలి మధ్య నుంచి వచ్చింది.

"అక్కా, మొగ ఎట్టా ఉంది?"

"యాడుందిరా మొగ? తుఫానుకు దక్షిణానికి జరిగిపోయింది. మన కర్ర పాతిన కాడ ఇసక మేటేసింది. అక్కడ కుర్రోళ్ళు క్రికెట్టు ఆడతన్నారు."

"కొత్త మొగలో ఇంకో కర్ర పాతు. పడవ కూడా అక్కడికే మార్పించు."

"నిన్ను తీసేశారు గదరా. ఇంకా ఎవరికిది?"

"మనుషులు దిగుతున్నారక్కా."

"ఎర్రగుడ్డ లేదు. నా పాత రైక చింపుతా" అని ఫోన్ పెట్టేసింది.

మొగే జరిగిపోయాక పాత నలభై నిమిషాల లెక్క ఇక పనికిరాదని నాకు అప్పుడు అర్థమైంది. కొత్త లెక్క ఏ యాప్‌లోనూ లేదు. ఆ కర్ర దగ్గర చదవబోయే ప్రార్థనలో ఉంది. ఎన్ని రోజుల్లో తెలుస్తుందని అడిగాను. అమావాస్య వెళ్ళిన విదియకు నీళ్ళు ఎలా నడిస్తే, పున్నమి వెళ్ళిన విదియకూ దాదాపు అలాగే నడుస్తాయని చెప్పాడు. ఆ విదియ ఇంకో ఆరు రోజుల్లో ఉంది. పోటీకి ఇరవై ఒక్క రోజులుంది.

ట్యాంకరు ఖాళీ అయింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఇస్సాకు గొట్టం పైకి లాగి చుట్ట చుట్టి, సంపు మూత వేసి, దాని మీదే కూర్చున్నాడు. క్యాలెండరు కాగితాన్ని మడతల మీదే మళ్ళీ మడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇది నాకెందుకు, నేను రాసిందే గదా. అక్షరమ్మకు చూపించు. నువ్వే పోయి చూపించు, నేను పంపానని చెప్పొద్దు. విదియ మర్నాడు పొద్దున ఇక్కడికి రా, ల్యాప్‌టాపు తెచ్చుకో. టైము చెప్తా. సంతకం బొమ్మ తీసెయ్యి, పెన్నుతో నేనే పెడతా. అంకె నువ్వు కొట్టేటప్పుడు నీ పక్కనే కూసుంటా."